మన ఇంటి మాటకు లాటిన్ ఎందుకు?

ఈసారి కుటుంబ సమ్మేళనానికి మన ఇంటికి ఒక ముద్ర ఉండాలని, దాని కింద ఒక చిన్న ధ్యేయవాక్యం ఉండాలని మన పిల్లోళ్లు పట్టుబట్టారు. బొమ్మ మీద ఎవరికీ పేచీ లేదు: ఒక శెనక్కాయ చెట్టు, పక్కన కపిల బావి. పేచీ అంతా మాట మీదే వచ్చింది. అమెరికాలో ఉన్న పిల్లలు ఇంగ్లీషులో "అవర్ సాయిల్, అవర్ స్ట్రెంత్" అని రాసి పంపినారు. బెంగళూరు పిల్లలు, అది బాగుంది గాని లాటిన్‌లోకి మార్చి వేస్తే ఇంకా దర్జాగా ఉంటుందన్నారు. పెద్దవాళ్లలో కొందరు లాటిన్ మనకెందుకు, సంస్కృతంలో పెట్టండి అన్నారు. రాయచెర్లులో ఉన్నోళ్లు మాత్రం, "ఏదన్నా పెట్టుకోండి, మాకు చదివేదానికి వస్తే చాలు" అన్నారు.

ఈ పేజీలు చూసుకునే మేము మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. ఆ ఇంగ్లీషు మాటను లాటిన్‌లోకి మార్చి చూడటం మంచి పని. పిల్లలు ఆ పని తప్పకుండా చెయ్యాలి, సరిగ్గా చెయ్యాలి. అయితే ఊళ్లో ఇంటి ముందర రాతి మీద చెక్కాల్సింది మాత్రం రాయచెర్లు తెలుగే. మనలాగా ఆంధ్ర, తెలంగాణల బయట స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇట్లాంటి ముచ్చట ఎప్పుడో ఒకసారి వస్తుంది కాబట్టి కారణాలు కొంచెం వివరంగానే రాస్తున్నాం.

ముందు లాటిన్ సంగతి. ఇంగ్లీషు మాటను లాటిన్‌లో పెట్టాలంటే నిఘంటువులో ఒక్కో మాటకు ఒక్కో మాట వెతికి పేరిస్తే కుదరదు. అట్లా పేర్చినవి చొక్కాల మీద, పచ్చబొట్లలో శానా కనిపిస్తుంటాయి. ఆ భాష తెలిసినవాళ్లు చూసి నవ్వుకుంటారు. లాటిన్‌లో వాక్యాన్ని నిలబెట్టేది మాట చివర ఉండే మార్పు. ఇంగ్లీషు ఒక్కటే వచ్చినవాళ్లకు ఇది కష్టం. మనకు కొత్త కాదు. "చెట్టు, చెట్టును, చెట్టుతో, చెట్టు వలన" అని మనం మాటలు వచ్చినప్పటి నుంచీ అంటూనే ఉన్నాం. మన విభక్తుల్లాంటివే వాళ్లకూ ఉన్నాయి.

బెంగళూరు సెయింట్ జోసెఫ్స్ బడిలో చదివిన పిల్లలు మన బంధువుల్లో ఉన్నారు. ఆ బడి ధ్యేయవాక్యం "ఫిదే ఎత్ లబోరే". నిఘంటువులో చూస్తే విశ్వాసానికి "ఫిదేస్" అని, శ్రమకు "లబొర్" అని ఉంటుంది. ధ్యేయవాక్యంలో ఆ రూపాలు లేవు. అక్కడ ఉన్నది "విశ్వాసంతో, శ్రమతో" అని. చివర మారిన ఆ ఒక్క ముక్కలోనే "తో" ఉంది. ఆ ఒక్క విభక్తే లాటిన్‌లో మన తృతీయ పని చేస్తుంది, పంచమి పని చేస్తుంది, కొన్నిచోట్ల సప్తమి పని కూడా చేస్తుంది. తెలుగు వ్యాకరణం కొంచెం గుర్తున్న పిల్లోడికి ఇది ఒక గంట పాఠం.

ఇప్పుడు మన మాట తీసుకుందాం. "అవర్ సాయిల్, అవర్ స్ట్రెంత్". రెండు ముక్కలు, మధ్యలో ఒక కామా. నేల మనది, బలమూ మనదే అనా? నేలే బలం అనా? నేల నుంచి బలం వచ్చింది అనా? ఆ కామా మూడింటికీ తల ఊపుతుంది. ఉన్నదున్నట్టు మారిస్తే "సొలుం నొస్త్రుం, రోబుర్ నొస్త్రుం" అవుతుంది. వ్యాకరణం తప్పు లేదు గాని ఇంగ్లీషు వాసన పోదు. లాటిన్ పలుకుబడికి దగ్గరగా, ఇంకా పొట్టిగా కావాలంటే "ఎక్స్ సొలో వీరేస్" అనొచ్చు. నేల నుంచి బలం అని అర్థం. "మన" అనే మాట సందర్భంలోనే తెలుస్తుంది కాబట్టి వదిలేయొచ్చు. దక్షిణాఫ్రికా దేశపు ముద్ర మీద 1910 నుంచి 2000 దాకా ఉన్న "ఎక్స్ ఊనితాతే వీరేస్", అంటే ఐక్యత నుంచి బలం, ఇదే అచ్చులో పోసింది.

ఇక "సాయిల్" అంటే ఏ నేల? లాటిన్‌లో "తెర్రా" అంటే భూమి, దేశం. "అగెర్" అంటే దున్నే చేను. "హుముస్" అంటే కాళ్ల కింది మట్టి. "సొలుం" అంటే అడుగున గట్టిగా ఉండే నేల, పుట్టిన నేల. ఇంగ్లీషు మాటను అడిగితే ఇందులో ఏదో చెప్పదు. మన భాషను అడిగితే ఇంకా నిలదీస్తుంది. భూమి, నేల, మట్టి, చేను, మడి, బీడు: ఒక్కోటీ ఒక్కో సంగతి. మడి అంటే నీళ్లున్న చోటు, చేను అంటే మోడాల కోసం ఎదురు చూసే చోటు. పావగడ తాలూకా అంతా కరువు సీమే. మన తాత ముత్తాతలకు మడి తక్కువ, చేను ఎక్కువ. చేను అని పెడితే అది ఇంట్లో పంచుకున్న ఆస్తి అవుతుంది. భూమి అంటే రిజిస్ట్రారు ఆఫీసు గుర్తొస్తుంది. నేల అంటే అందులో ఊరు కూడా ఉంటుంది. లాటిన్‌లో "సొలుం" సరైనది అనుకున్నప్పుడే తెలుగులో "నేల" సరైనది అని మాకు తెలిసొచ్చింది. అందుకే అనువాదం చేసి చూడమంటున్నాం. మనం చెప్పదలచుకున్నది మనకే తేటపడుతుంది.

ఇందులో ఒక తమాషా కూడా ఉంది. లాటిన్‌లో "నేల నుంచి" అనాలంటే "ఎక్స్ సొలో". "సూర్యుడి నుంచి" అనాలంటే "ఎక్స్ సోలె". "ఒంటరివాడి నుంచి" అనాలంటే "ఎక్స్ సోలో". తెలుగులో రాసినాం కాబట్టి మూడూ వేరువేరుగా కనిపిస్తున్నాయి. మన లిపిలో ఒకారం, ఓకారం వేరు, ఎకారం, ఏకారం వేరు. మామూలుగా చెక్కే లాటిన్ అక్షరాల్లో ఆ తేడా ఉండదు. అక్కడ నేలా, ఒంటరితనమూ అచ్చంగా ఒకేలా కనిపిస్తాయి. సూర్యుడికి చివర ఒక్క అక్షరం తేడా. చూసినోళ్లు "సోలో" అని చదివి, ఇదేదో ఒంటరి మనిషి గొప్పలు చెప్పుకునే మాట అనుకుంటారు. రాయి చెక్కేవాడి ఉలి ఒక్క అక్షరం తప్పితే నేల బలం కాస్తా ఎండ బలం అవుతుంది.

మన ఊరికి ఈ రెండోది మరీ అబద్ధం కూడా కాదు. తిరుమణి, బళసముద్ర, క్యాతగానచెర్లు, వల్లూరు, మన రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల నేల సుమారు 13,000 ఎకరాలు ఇప్పుడు సోలార్ పార్కులో ఉంది. 2018 మార్చి 1న మొదలైన ఆ పార్కు సామర్థ్యం 2,050 మెగావాట్లు. శెనక్కాయ పండిన చేలల్లో ఇప్పుడు ఎండ పండుతోంది. ఈ మాట మీదికి మళ్లీ వస్తాం, ఎందుకంటే మన ధ్యేయవాక్యంలో అసలు చిక్కు అక్కడే ఉంది.

"స్ట్రెంత్" దగ్గర కూడా ఆగాల్సిందే. "వీరేస్" అంటే వీరులు అనుకోవద్దు. మగవాడు అనే మాట "విర్", దానికి బహువచనం "విరీ". "వీరేస్" అంటే సత్తువలు, బలాలు. "రోబుర్" ఇంకా బాగుంటుంది. దానికి గట్టి ఓక్ మాను అని అర్థం, ఆ మాను నుంచి వచ్చిన గట్టిదనం అనీ అర్థం. మనకు అచ్చంగా అట్లాంటి మాట ఉంది: చేవ. చెట్టు నడిమధ్య ముదిరిన కట్టె చేవ, మనిషిలో ఉండే దమ్మూ చేవే. రోము వాళ్లు, మనవాళ్లు ఒకరినొకరు అడక్కుండానే చెట్టును చూసి ఒకే మాట అనుకున్నారు. అయితే నేలకు చేవ అనం. నేలకు సత్తువ అంటాం. "ఆ చేన్లో సత్తువ లేదు, ఎరువు తోలాల" అనే మాట ఊళ్లో ఎవరినోట విన్నా కొత్త కాదు. మనిషికీ సత్తువే. సంస్కృతంలోని సత్త్వం మన నోళ్లల్లో నలిగి సత్తువ అయింది. నేలకూ మనిషికీ కలిపి వాడే ఇట్లాంటి మాట ఉండగా బలం, శక్తి అని పెద్ద మాటలకు పోవడం ఎందుకు?

ఇప్పుడు అసలు ప్రశ్న. మన పిల్లలకు లాటిన్ మీద మోజు ఎందుకు? తప్పు పట్టేది ఏమీ లేదు, వాళ్లు చూసిన పెద్ద పెద్ద ద్వారాల మీద అదే ఉంది. 1857లో పుట్టిన మద్రాసు విశ్వవిద్యాలయం ధ్యేయవాక్యం లాటిన్. పుట్టుకతో ఉన్న శక్తిని చదువు ముందుకు నడిపిస్తుందని దాని భావం, హొరేస్ అనే రోమను కవి మాటల్లోంచి తీసుకున్నది. తెలుగు జిల్లాల కోసం 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయం వచ్చినప్పుడు లాటిన్ పోయింది, సంస్కృతం వచ్చింది. ఉపనిషత్తుల శాంతిపాఠంలోంచి తీసుకున్న మాట అది. మన చదువు తేజోవంతం కావాలని దాని భావం. మన ఊరు అప్పట్లో మైసూరు రాజ్యం. 1916లో పెట్టిన మైసూరు విశ్వవిద్యాలయమూ జ్ఞానానికి సాటి లేదనే గీత మాటనే, సంస్కృతంలోనే తీసుకుంది. ఇంగ్లీషు వాళ్లకు లాటిన్ ఎట్లాగో మనకు సంస్కృతం అట్లాగు. ఇంట్లో మాట్లాడని భాష, గోడ మీద మాత్రం గౌరవంగా ఉండే భాష. అందుకే లాటిన్ వద్దు, సంస్కృతం పెట్టండి అనే పెద్దవాళ్లకు మేము చెప్పేది ఒకటే: అడిగేవాళ్లు మారినా అడిగేది మారలేదు. చదివినోడికి వెంటనే అర్థం కాకపోతేనే గొప్పగా ఉంటుందని ఇద్దరూ అనుకుంటున్నారు.

విశ్వవిద్యాలయానికి అది చెల్లుతుంది. వందల ఏళ్లు, వేల మంది, రకరకాల భాషలవాళ్లు. అర్థం చెప్పేదానికి పంతుళ్లు ఉంటారు. ఇంటికి చెప్పేదెవరు? తాత పోయినాక మనవడికి ఆ రాతి మీది లాటిన్ అర్థం చెప్పేవాళ్లు ఉండరు. దేశాలే మెల్లగా ఈ సంగతి గమనించినాయి. అమెరికా రాజముద్ర మీద 1782 నుంచీ "ఏ ప్లూరిబుస్ ఊనుం", అనేకంలోంచి ఒకటి, అనే లాటిన్ మాట ఉంది. ఇప్పటికీ అక్కడి నాణేల మీద చూడొచ్చు. అయినా 1956లో అధికారిక ధ్యేయవాక్యంగా వాళ్లు చట్టం చేసుకున్నది దేవుడి మీద నమ్మకం గురించిన ఒక ఇంగ్లీషు మాటను.

లాటిన్ తరఫున ఒక మంచి వాదం ఉంది. దాన్ని బెంగళూరు పిల్లలే ముందుపెట్టినారు. మన బంధువుల్లో కొందరు కన్నడం చదువుతారు, హోసూరు వాళ్లు తమిళం చదువుతారు, హిందూపురం వాళ్లు తెలుగు చదువుతారు, అమెరికా పిల్లలకు ఇంగ్లీషు తప్ప చదవను రాదు. ఏ ఒక్క భాష పెట్టినా మిగతావాళ్లకు బాధ. లాటిన్ అయితే అందరికీ సమానంగా పరాయిది, గొడవ ఉండదు అంటారు. ఈ మాటకు బరువుంది. 2000లో దక్షిణాఫ్రికా పాత లాటిన్ వాక్యాన్ని తీసేసినప్పుడు తన 11 అధికార భాషల్లో ఏదీ పెట్టలేదు. ఇప్పుడు మాట్లాడేవాళ్లే లేని ఖామ్ అనే శాన్ ప్రజల పాత భాషలో, వేరువేరు జనం ఒకటి కావాలనే మాట పెట్టుకుంది. ఎవరి భాషా కాకపోతే ఎవరికీ పక్షపాతం లేదు కదా.

అయితే ఆ దేశానికి అన్ని ఇళ్లకూ ఉమ్మడిగా ఉండే భాష లేదు. మనకు ఉంది. చదివే లిపులు నాలుగైనా, ఇంట్లో నోరు విప్పితే వచ్చేది ఒకే తెలుగు. పావగడ తాలూకాను మూడు వైపులా ఆంధ్ర చుట్టుకొని ఉంది. బడిలో కన్నడం, ఆఫీసులో కన్నడం, అరుగు మీద తెలుగు. మన ఊళ్లో ఇది తరతరాల వాడుక. కాబట్టి మన చిక్కు లిపిది, భాషది కాదు. లిపి చిక్కుకు మందు లిపిలోనే వెతకాలి. దానికోసం భాషనే మార్చుకోవడం, చెప్పు కరుస్తోందని కాలు మార్చుకోవాలనుకోవడమే.

ఇక మేము మొదట్లో దాచిపెట్టిన సంగతికి వస్తాం. ఈ ధ్యేయవాక్యంలో అన్నిటికంటే బరువైన మాట నేల కాదు, సత్తువ కాదు. "అవర్" అనే చిన్న మాట. ఇంగ్లీషులో "అవర్" అంటే ఎవరెవరో తెలీదు. లాటిన్ "నొస్తెర్" కూడా అంతే. కన్నడంలో "నమ్మ" కూడా అంతే. బెంగళూరులో "నమ్మ మెట్రో" అంటే అది మాదా, మనదా అని ఆ మాట చెప్పదు. సంస్కృతానికి ఇంకో శక్తి ఉంది, ద్వివచనం. ఆంధ్ర విశ్వవిద్యాలయం వాక్యంలో ఉన్న "మన" గురువునూ శిష్యుడినీ కలిపి ఇద్దరి గురించి చెప్పే రూపం. లాటిన్‌లోకి మారిస్తే ఆ ఇద్దరూ గుంపులో కలిసిపోతారు. తెలుగుకు ద్వివచనం లేదు. కానీ తెలుగులో "మా" వేరు, "మన" వేరు. "మా" అంటే వింటున్న నువ్వు బయటివాడివి. "మన" అంటే నువ్వూ ఇందులో ఉన్నావు. తమిళంలోనూ ఈ తేడా ఉంది. మూడేళ్ల పిల్లోడికి కూడా ఇది తెలుసు. "మా ఇంటికి రా" అనడానికీ "మన ఇంటికి పోదాం" అనడానికీ తేడా ఎవరూ నేర్పకుండానే వస్తుంది.

అందుకని తెలుగులో రాయబోతే ముందుగా తేల్చుకోవాల్సింది ఇదే. "మా నేలే మా సత్తువ" అనా, "మన నేలే మన సత్తువ" అనా?

ఇది వ్యాకరణం ముచ్చట మాత్రమే అయితే ఇంత రాసే పని లేదు. ఊళ్లో ఇంటి ముందు ఆ రాయిని రోజూ చూసేది ఎవరు? మనం ఏడాదికి ఒకసారి పోతాం, రెండు రోజులుంటాం. చూసేది ఊళ్లోవాళ్లు. వాళ్లలో చానామంది తాతలు మన చేలల్లో కూలి చేసినవాళ్లు, సేద్యం చేసినవాళ్లు, కపిల తోలినవాళ్లు. సోలార్ పార్కు వచ్చినప్పుడు రైతుల భూమిని కొనలేదు, గుత్తకు తీసుకున్నారు. మొదట ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు. వాన రాకున్నా వచ్చే డబ్బు అది. మన బంధువుల్లో కొందరికి అది ఊపిరి పోసింది, కాదనం. కానీ గుత్త డబ్బు పట్టా ఉన్నవాళ్లకు వస్తుంది. ఆ చేన్లో కలుపు తీసిన మనిషికి, కాయ ఒలిచిన మనిషికి రాదు. చేను పోతే వాళ్లకు కూలీ కూడా పోతుంది. అట్లాంటి మనిషి దారిన పోతూ మన రాతి మీద "మా నేలే మా సత్తువ" అని చదివితే ఏమనుకుంటుంది? ఆ సత్తువలో తన చేతులు లేవని మనమే రాసిపెట్టినట్టు కదా.

లాటిన్‌లో పెడితే ఈ ప్రశ్నే రాదు. "ఎక్స్ సొలో వీరేస్" లో మా లేదు, మన లేదు, ఎవరికీ తగలదు. ఇంగ్లీషులో పెట్టినా రాదు. ఆ సౌకర్యమే మాకు నచ్చలేదు. ఆ పార్కుకు పెట్టిన పేరు "శక్తిస్థల". మంచి సంస్కృతం పేరు. ఆ శక్తి ఎవరిదో ఆ పేరు కూడా చెప్పదు. ఊళ్లో అందరూ దాన్ని "సోలార్" అనే అంటారు. పెద్ద భాషలో పెట్టిన పేరు బోర్డు మీదే ఉండిపోతుందని చెప్పడానికి ఇంతకంటే దగ్గరి ఉదాహరణ మాకు కనిపించలేదు.

కొందరు అడగొచ్చు, ఇది కుటుంబం ముద్ర కదా, ఊరందరినీ కలిపే పని ఏముంది అని. ఇంటి పేరు మనది, వంశవృక్షం మనది, వాటికి "మా" అనే అందాం. నేల అనే మాట ఎత్తినప్పుడు మాత్రం అట్లా కుదరదు. నేల గురించి గొప్పగా చెప్పుకోవాలంటే దాన్ని దున్నిన అందరినీ కలుపుకోవాలి. కలుపుకోవడం ఇష్టం లేకపోతే నేల మాట ఎత్తకుండా వేరే ధ్యేయవాక్యం వెతుక్కుందాం. పెళ్లై వచ్చిన కోడళ్లు, పెళ్లై పోయిన ఆడపిల్లలు కూడా ఈ "మన"లోకి వస్తారు. "మా"లో వాళ్లు ఎప్పుడు లోపల, ఎప్పుడు బయట అనేది మన ఇళ్లల్లో ఇప్పటికీ తేలని సంగతే.

కాబట్టి మేము చెప్పేది ఇది. రాతి మీద "మన నేలే మన సత్తువ" అని చెక్కిద్దాం. పైన తెలుగు లిపిలో, కింద అదే తెలుగును కన్నడ లిపిలో. రెండు లిపులూ ఒకే తల్లి పిల్లలు. ఈ నాలుగు మాటల్లో ఒక్క అక్షరం కూడా కన్నడ లిపిలో రాయలేనిది లేదు. బడిలో కన్నడం చదివిన రాయచెర్లు పిల్లోడు దాన్ని గడగడా చదువుతాడు, చదివి నవ్వుతాడు, ఎందుకంటే అది వాళ్లమ్మ మాట్లాడే మాట. అమెరికా పిల్లలకు లిపి రాకపోతే ఎవరో చదివి వినిపిస్తే చాలు, చెవికి అర్థమవుతుంది. లాటిన్‌తో ఆ పని జరగదు.

లాటిన్ వాక్యం మాత్రం పారేయొద్దు. సమ్మేళనం చొక్కాల మీద, కప్పుల మీద "ఎక్స్ సొలో వీరేస్" అని పిల్లలు ఇష్టంగా వేసుకోవచ్చు. అచ్చుకు ఇచ్చేముందు లాటిన్ చదువుకున్నవాళ్లకు ఒకసారి చూపించండి, యంత్రం ఇచ్చిందాన్ని అట్లే వేయొద్దు. ఎవరైనా "సోలో అంటే ఒక్కడేనా?" అని అడిగితే, కాదు, నేల అని చెప్పండి. ఏ నేల అని అడిగితే రాయచెర్లు గురించి చెప్పండి. ఎవరి నేల అని అడిగితే దానికి జవాబు లాటిన్‌లో లేదు, తెలుగులో ఉందని చెప్పండి.

మన మాదిరిగానే బళ్లారిలోనో, హోసూరులోనో, ఇంకా దూరంగా ఏ సముద్రం అవతలనో స్థిరపడిన కుటుంబాలకూ మాది ఒక మనవి. మీ పిల్లలు ఏదైనా ఇంగ్లీషు వాక్యం పట్టుకొస్తే కసురుకోవద్దు. కూర్చోబెట్టి, అందులో ఉన్న "అవర్"ను తెలుగులో ఏమంటారో అడగండి. మా అంటారా, మన అంటారా? వాళ్లు ఏం చెబితే దాన్నిబట్టి మీ ఇల్లు ఎంత పెద్దదో మీకే తెలుస్తుంది.